కోళ్ళు తిన్న కంచు పళ్ళెం

మొన్న క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామాను దింపుతుంటే, గోనెసంచిలో చుట్టిన కంచు పళ్ళెం ఒకటి బయటపడింది. నా భార్య రూతు దాన్ని వెలుతురుకు పట్టుకుని, నడుమ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలను కూడబలుక్కుని చదివింది. "సుగుణకు అవ్వ పెట్టింది. ఏమయ్యా, ఎవలీ సుగుణ? ముసలితనంల ఇప్పుడు బయటపడుతున్నదా నీ సంగతి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "జర చింతపండు తే" అన్నాను. గుమ్మంలో కూర్చుని మధ్యాహ్నమంతా తోమాను. కంచు మెరిసింది కానీ దాని మీది సన్నటి గీతలు పోలేదు. అవి కోడిముక్కులు గీసినవి. ఆ కోళ్ళను ఆ పళ్ళెం మీదికి పిలిచింది నేను. ఆ సంగతి ఇప్పుడైనా రాయాలని కూర్చున్నాను. రాస్తుంటే సిగ్గుతోపాటు ఆనాటి తీపి కూడా నోటికి తగులుతున్నది. అది దాచి సిగ్గు ఒక్కటే రాస్తే అబద్ధమవుతుంది.

అప్పట్లో మేము గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, పైన రేకులు, వరుస చివర అందరికీ కలిపి ఒక నల్లా. పొద్దున్నే ప్రతి ఇంటి ముందు బొగ్గుల పొయ్యి రాజేసేవారు. ఆ పొగలో ఎదుటి ఇంటి మనిషి గొంతు వినబడేదే తప్ప ముఖం కనబడేది కాదు. డిసెంబరు వచ్చిందంటే అవ్వ (మా వైపు తల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం) గోడలకు సున్నం వేసేది. వారం తిరగకముందే అది బూడిదరంగుకు తిరిగేది. "యేసయ్య పుట్టింది పశువుల కొట్టంలనే గదా, మనిల్లే నయం" అనుకుంటూ మళ్ళీ ఒక పూత పూసేది. బట్టలు రామగుండం స్టేషను బజారులో ఒకే తానులోంచి కోయించేవారు. నాకు చొక్కా, చెల్లెలికి గౌను, మిగిలిన ముక్కతో దిండు గలీబు. అందుకే పండుగనాడు పిల్లలం పరుపు మీద పడుకుంటే ఎక్కడ ఉన్నామో కనబడేది కాదని బాపు ఎగతాళి చేసేవాడు.

కేకు చేసే విద్య అవ్వకు వాళ్ళ తల్లి నుంచి వచ్చింది. ఆమె ఒకప్పుడు మిషన్ దవాఖానలో ఆయాగా చేసిందట. దేగిసాలో అడుగున ఇసుక పోసి, దాని మీద పిండి గిన్నె పెట్టి, పైన మూత పెట్టి, మూత మీద నిప్పులు పేర్చేది. కింద బొగ్గు, పైన బొగ్గు. ఆ కేకుకు ఒక పక్క మాడిన వాసన, లోపల యాలకుల వాసన, అంతటా పొగ వాసన. ఇప్పుడు బేకరీ నుంచి అట్టపెట్టెలో వచ్చే కేకు మెత్తగానే ఉంటుంది. దాన్ని నమిలినప్పుడు ఎవరి చెయ్యీ గుర్తుకు రాదు.

పండుగ పొద్దున గారెలు, గర్జెలు (కజ్జికాయలు), అరిసెలు పళ్ళేల్లో సర్ది, పైన బట్ట కప్పి ఇంటింటికీ పంపేవాళ్ళం. వెళ్ళిన పళ్ళెం ఖాళీగా తిరిగి రాకూడదు. పక్కింటి మల్లయ్య కాక (కాక అంటే చిన్నాన్న వరస) వాళ్ళు హిందువులు, వాళ్ళింట్లో పండుగ కాకపోయినా, పళ్ళెంలో గుప్పెడు బియ్యమో చిటికెడు చక్కెరో వేసి ఇచ్చేవారు. దసరాకు వాళ్ళ పళ్ళెం మా ఇంటికి వచ్చేది, మేమూ అలాగే చేసేవాళ్ళం. పెట్టినవాళ్ళు పళ్ళెం అడగకూడదు, అందుకున్నవాళ్ళు మరిచిపోకూడదు. ఆ రెండు మాటలూ మాకు చదువు కంటే ముందు వచ్చాయి.

ఎదుటి క్వార్టరు సామేలు కాకది. రక్తసంబంధం కాదు. ఆయనా బాపూ ఒకే ఏడు బాయిలో (బొగ్గుగనిలో) దిగి, ఒకరు తవ్వితే ఒకరు తట్ట నింపినవాళ్ళు. ఆయనకు చదువు ఉండేది. పరీక్ష పాసై సర్దార్ అయ్యాడు. ఎవరు ఎక్కడ పనిచేయాలో చెప్పే మనిషి. చర్చిలో సంఘ పెద్ద కూడా అయ్యాడు. బాపుకు అక్షరం రాదు. బాయి అడుగున పంపు దగ్గరే ఉండిపోయాడు. ఊటనీళ్ళను తోడి పైకి పంపడం ఆయన పని. పీర్ల పండుగైనా, దీపావళి అయినా, క్రిస్మస్ అయినా ఆ పంపు ఆగకూడదు. "నీళ్లకు పండుగలు తెల్వయి" అనేవాడు. సామేలు కాక భార్య సుగుణ చిన్నమ్మ మా అవ్వకు తోడబుట్టిన చెల్లెలి లెక్క. క్రిస్మస్ పళ్ళెం వాళ్ళింటి నుంచే మొదట వచ్చేది, ఆమె పెళ్ళికి తల్లి పెట్టిన ఆ కంచు పళ్ళెంలోనే.

మా రేకుల చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది, ఇంకెక్కడా వినలేదు. క్రిస్మస్ ఆరాధనలో గొర్రెల కాపరుల వాక్యభాగాన్ని ఆ రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషే చెప్పాలి. స్నానం చేయకుండా, మసి బట్టలతో, టోపీ లైటుతో తిన్నగా వచ్చి బల్ల దగ్గర నిలబడాలి. యేసు పుట్టాడన్న మొదటి వార్త విన్నది రాత్రి మంద కాస్తున్న కాపరులు, అంటే రాత్రి డ్యూటీ చేసేవాళ్ళే కదా అని మా పెద్దలు పెట్టుకున్న పద్ధతి. కంటి అంచులకు బొగ్గు కాటుకలా పట్టిన ఆ మనిషి నడిచి వస్తుంటే చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు పిల్లలను దగ్గరికి లాక్కునేవారు, కొత్త బట్టలకు మసి అంటుతుందని. అయినా ఆ గౌరవం కోసం మగవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు అది బాపు వంతుకు వచ్చింది. పండుగ ముందు ఆదివారం చర్చి ముంగిట్లో సామేలు కాక లేచాడు. "ఈసారి పట్నం నుంచి పెద్ద అయ్యగారు వస్తున్నరు. ఆయన ముంగట మసి బట్టలతోని బల్ల కాడ నిలవడుడు బాగుంటదా? తెల్లబట్టలు ఏస్కున్నోళ్లే చదువుదురు" అన్నాడు. బాపు కూర్చున్నచోటు నుంచే అడిగాడు. "అప్పుడు కాపరులు తానం చేసి పోయిన్రానే సామేలు?" వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "గొర్లకు సుత ఇస్త్రీ చేయించిన్రు కావచ్చు!" ముంగిలంతా నవ్వింది. సామేలు కాక కూడా నవ్వాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. ఆనవాయితీ నిలిచింది.

ఆ వారమంతా నేను ఒక్కొక్క వాక్యం చదివితే బాపు అప్పజెప్పుకున్నాడు. పంపు దగ్గర కూర్చుని వల్లెవేసేవాడట. "పంపు నాతోని చదువుతున్నది బిడ్డ. నేను మరిచిపోతె అదే అందిస్తది" అన్నాడు. పండుగ పొద్దున సుగుణ చిన్నమ్మ తనే పళ్ళెం పట్టుకుని వచ్చింది. "బావ డ్యూటీ దిగి రాంగనే రెండు గారెలు తినిపియ్యి అక్కా. ఖాళీ కడుపుతోని ఎట్ల చెప్తడు?" అంది. అవ్వ ఆ పళ్ళెం మీది బట్ట తీయకుండా బాపు కోసం పక్కన పెట్టింది. బాపు ఇంటికి రాలేదు. తిన్నగా చర్చికే వస్తాడేమో అనుకుని మేము బయలుదేరాం.

మూడో పాట అయింది. అందరం తలుపు వైపు తిరిగాం. తలుపులో ఎండ తప్ప ఎవరూ లేరు. పట్నం పాస్టరు, పెద్ద అయ్యగారు, గడియారం చూసుకున్నారు. అప్పుడు సామేలు కాక మల్లెపువ్వు లాంటి బట్టల్లో లేచి, ముందే గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి, చక్కగా, ఎక్కడా తడబడకుండా చదివాడు. పేజీలో ఉన్న ఎర్ర పట్టు దారం నేను చూశాను. ఆ దారమే నన్ను చాలా ఏళ్ళు కట్టేసింది.

ఆరాధన తరువాత సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో విస్తళ్ళు ఎత్తేవేళకు బాపు గేటు దగ్గర కనబడ్డాడు. మసి బట్టలు, టోపీ చేతిలో. అవ్వ పరుగెత్తింది. "రిలీవర్ రాలే" అన్నాడంతే. అంటే తన బదులు పొద్దుటి షిఫ్టుకు పంపు దగ్గరికి రావలసిన మనిషి రాలేదు. ఆ మనిషి రాజన్న రెండు రోజులకు మా ఇంటికొచ్చి తల వంచుకుని చెప్పాడు. "సర్దారు నన్ను ఇంకో కాడికి తోలిండన్నా. పంపు కాడికి వేరేటోన్ని పంపిన అన్నడు. ఎవన్ని పంపలేదని నాకేం ఎరుక?" అవ్వ బాపునే తిట్టింది. "జర సేపు ఇడిసిపెట్టి రాకపోయినవు!" బాపు నెమ్మదిగా అన్నాడు. "నీళ్లకు క్రిస్మస్ తెల్వదు. నేను వస్తె కింద పనిజేసెటోళ్లు మునుగుతరు." నేర్చుకున్న ఆ వాక్యాలు ఆయన ఇంట్లో కూడా ఎప్పుడూ పలకలేదు. మళ్ళీ తన వంతు వచ్చినా వద్దన్నాడు.

కంచు పళ్ళెం మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. అవ్వ దానిలోని గారెలను చివరి వరుస పిల్లలకు పంచి, పళ్ళెం కడిగి, కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. "ఖాళీగ పంపుడు మనకు పాడి కాదు. నింపి పంపుడు నాతోని కాదు. ఉండనియ్యి" అంది. ఆమె పగ అక్కడితో ఆగింది. నాది అక్కడ మొదలైంది.

మా వాకిట్లో నాలుగు కోళ్ళుండేవి. మరునాడే ఆ పళ్ళెం తీసుకెళ్ళి నల్లా దారిలో, వాళ్ళ గుమ్మానికి ఎదురుగా పెట్టి నూకలు పోశాను. కట్టెతో పళ్ళెం అంచు మీద కొట్టి కోళ్ళను పిలిచేవాణ్ణి. కంచు మోత వరుసంతా వినబడేది, చర్చి గంట కంటే బాగా. సామేలు కాక సైకిల్ మీద డ్యూటీకి బయలుదేరే వేళ చూసి మరీ కొట్టేవాణ్ణి. ఆయన తల తిప్పుకునేవాడు. ఆ తల తిప్పుడు నాకు పొద్దుటి చాయ కన్నా రుచి. బాపు ఒకసారి చూసి "ఆడమనిషి సామానురా అది" అన్నాడు. నేను వినలేదు. రోజూ నూకల కింద నుంచి "సుగుణకు అవ్వ పెట్టింది" అనే అక్షరాలు బయటపడేవి. రోజూ చదివాను. సుగుణ అని చదివి కూడా అది సామేలు కాక సామానే అనుకున్నాను. చిన్నమ్మ బిందెతో నల్లాకు వచ్చి, పళ్ళేన్ని తప్పించుకుని నడిచి, ఏమీ అనకుండా నీళ్ళు పట్టుకుపోయేది.

కొన్నేళ్ళకు నేనూ బాయిలో చేరాను, అప్పటికింకా కొలువులోనే ఉన్న బాపులాగే పంపు పని. సామేలు కాకకు ఆయాసం పట్టుకుంది. తిరగలేకపోతున్నాడని కంపెనీ ఆయన్ను కూర్చుని చేసే పనికి మార్చింది. అది కూడా పంపు దగ్గరే. దేవుడు తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడనుకున్నాను. దేవుణ్ణి ఇలాంటి వాటిలోకి లాగడం నాకు అప్పట్లో బాగా అలవాటు. రిటైరు కాబోయే ముందు క్రిస్మస్‌కు ఆయన సంఘంలో లేచి, ఈసారి రాత్రి షిఫ్టు తనదేనని, దిగి వచ్చి తనే కాపరుల భాగం చెబుతానని అడిగాడు. "గప్పుడు మసి బట్టలు వద్దంటివి గదనే?" అని ఎవరో పొడిచారు. ఆయన దగ్గి, దగ్గు ఆగాక, "గప్పుడు ఒంటికి మసి అంటలే" అన్నాడు. సరేనన్నారు.

మాలో ఒక ఏర్పాటుండేది. దసరాకు మేము హిందువుల డ్యూటీలు చేసేవాళ్ళం, క్రిస్మస్‌కు వాళ్ళు మావి చేసేవారు. ఆ పొద్దున పంపు దగ్గరికి రావలసింది రాజన్నే. నేనే వెళ్ళి "ఈసారి నువ్వు రాకన్నా, నేను చేస్త" అన్నాను. "పండుగపూట నీకేం పుట్టిందిర?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఇంట్లో డ్యూటీ అని చెప్పి టిఫిన్ డబ్బాతో బయలుదేరాను. బాయి గేటు దాకా కూడా పోలేదు. స్నేహితుడి గదిలో కొత్త చొక్కా తొడుక్కుని, ఆరాధన మొదలయ్యాక చర్చిలోకి వచ్చి వెనక వరుసలో కూర్చున్నాను. ఒక రోజు గైర్హాజరు పడితే పడనీ అనుకున్నాను. రిలీవర్ వచ్చేదాకా సామేలు కాక కదలలేడు. కదిలితే నీళ్ళు.

రెండో పాటలో బాపు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా ముఖం చూశాడు, చొక్కా చూశాడు, చేతిలో డబ్బా చూశాడు. ఆయనకు అర్థం కావడానికి పాట అయ్యేంత సేపు పట్టలేదు. లేచి, కండువా భుజాన వేసుకుని, నా పక్కనుంచే బయటికి నడిచాడు. వెళుతూ వెళుతూ "పంపు ఆగద్దు బిడ్డ" అన్నాడు. అంతే. నేను లేచి ఆయన వెంట పరుగెత్తి, "నువ్వుండు బాపు, నేను పోత" అని ఉంటే అన్నీ అక్కడే చక్కబడేవి. నేను లేవలేదు. నా పగ ఫలించే క్షణం రాబోతున్నది, దాన్ని వదులుకోలేకపోయాను.

మూడో పాట అయింది. అందరూ తలుపు వైపు తిరిగారు. నేను మాత్రం ఆడవాళ్ళ వైపు చూశాను. సుగుణ చిన్నమ్మ మోకాళ్ళ మీద లేచి తలుపు వైపు చూస్తున్నది. కూర్చున్నది, మళ్ళీ లేచింది. ఒకనాడు మా అవ్వ అలాగే లేచింది. అయ్యగారు కాసేపు ఆగి, తనే చదివేశారు. నాకు కడుపు నిండింది. దాచి లాభం లేదు, నిజం అదే.

ప్రేమవిందులో అన్నం వడ్డిస్తుండగా సామేలు కాక గేటు దగ్గరికి వచ్చాడు. మసి బట్టలు, చేతిలో టోపీ, రొప్పుతున్నాడు. సరిగ్గా బాపు నిలబడిన చోటు. ఎన్నో ఏళ్ళుగా నేను కోరుకున్న బొమ్మ అది. చూపులతో వెతికి నన్ను పట్టుకుని దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకుని నోటి నిండా మాటలు సిద్ధం చేసుకున్నాను.

"మీ బాపు కిందున్నడు. పండుగ బట్టల మీదనే దిగిండు" అన్నాడు. "నా తప్పుకు నన్నెన్నన్న అను. కానీ ఆయన రెండోసారి సుత పండుగన్నం తినలే. జల్ది కట్టియ్యి, నేనే తీస్కపోత."

అవ్వ విస్తట్లో అన్నం, కూర కట్టి, నా చేతికి కాదు, ఆయన చేతికి ఇచ్చింది. స్నానం కూడా చేయకుండా ఆయన మళ్ళీ బాయి వైపు నడిచాడు. పంపు దగ్గర వాళ్ళిద్దరూ కలిసి తిన్నారట. ఏం మాట్లాడుకున్నారో బాపు చెప్పలేదు. సాయంత్రం వచ్చినప్పుడు ఆయన తెల్ల ధోవతి మోకాళ్ళ దాకా నల్లగా ఉంది. నా వైపు చూడకుండానే అన్నాడు. "సామేలు మీద తీర్చుకున్న అనుకుంటున్నవు. పండుగ పోయింది నాది. పో, పళ్లెం నింపి ఇచ్చిరా." అలాగే అన్నాను కానీ ఇవ్వలేదు. సిగ్గు పగ కన్నా మొండిది. కోళ్ళ ముందు నుంచి తీసి గోనెసంచిలో చుట్టాను. సామేలు కాక రిటైరై, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో చేసే కొడుకు దగ్గరికి సంసారం తరలించాడు. ఆ రోజు లారీ కదిలే దాకా నేను ఇంట్లోనే తలుపేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఆయనా లేడు, బాపూ లేడు, అవ్వా లేదు. మేము క్వార్టరు వదిలి సొంతిల్లు కట్టుకున్నాం. పళ్ళెం మాత్రం ఇల్లు మారినప్పుడల్లా నా వెంట వచ్చింది.

రేకుల చర్చి ఇప్పుడు స్లాబు చర్చి. మైకులు, కుర్చీలు. నేల కింది బాయిల్లో దిగేవాళ్ళు తగ్గిపోయారు, బొగ్గు ఎక్కువగా పైనుంచే తవ్వుతున్నారు. కాపరుల భాగాన్ని ఆదివారపు బడి పిల్లలు తలపాగాలు చుట్టుకుని చెబుతారు, దూది గడ్డాలతో. బాగానే ఉంటుంది. నేను కళ్ళు మూసుకుని పంపు చప్పుడు వింటాను.

తోమిన పళ్ళెంలో రూతు చేసిన గారెలు పేర్చి, బట్ట కప్పి, పండుగ పొద్దున బసంత్‌నగర్ ఆటో ఎక్కాను. సుగుణ చిన్నమ్మ వరండాలో ఎండకు కూర్చుని ఉంది. చూపు మందగించింది. పేరు చెప్పి, పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె గారెలు ముట్టుకోలేదు. వాటి కిందికి వేళ్ళు పోనిచ్చి అక్షరాలను తడిమింది. ఒక్కొక్క చుక్కనూ. తరువాత కోళ్ళ గీతల మీద వేళ్ళు ఆగాయి.

"మంచిగ తిన్నయా మీ కోళ్లు?" అంది.

"చిన్నమ్మా..."

"నల్లా కాడికి వచ్చినప్పుడల్లా సూసేదాన్ని. మా అవ్వ నా పెండ్లికి తన చెవుల కమ్మలమ్మి చేయించింది. దాంట్ల మీ కోళ్లు తింటుంటె నీళ్లు పట్టుకునేదాన్ని."

"ఒక్కసారన్నా అడగకపోతివి."

"పెట్టిన పళ్లెం అడుగుతరార? మీ కాక చేసిన తప్పు నాకు తెల్వదా? గందుకే నోరు మూసుకున్న. నువ్వు చేసింది సుత తెలుసు. గందుకే ఇన్నొద్దులు ఎదురుసూసిన, ఎన్నడొస్తవోనని." నేను కాళ్ళకు వంగబోతే చేత్తో ఆపింది. "గవన్నీ చర్చిల చేస్కో. ఓ పిల్లా!" అని లోపలికి కేకేసింది. కోడలు వచ్చింది. "ఇవి గిన్నెల పోసి, పళ్లెం కడిగి, మనయి నింపి తే."

నింపిన పళ్ళెం మళ్ళీ నా చేతుల్లో పెట్టింది. గర్జెలు, అరిసెలు, వేడి తగ్గని కేకు ముక్క.

"ఇది నీది చిన్నమ్మా, నీ దగ్గరుంచుకో. ఇంకో గిన్నెల పెట్టియ్యి" అన్నాను.

"లేదు. దీంట్లనే తీస్కపో" అంది. మసకబారిన కళ్ళతో నా వైపు సూటిగా చూసింది. "ఇప్పుడు నీ ఇంట్ల నా పళ్లెం ఉన్నది. మళ్ల నింపి తేవాలె. నేనున్నన్ని దినాలు నువ్వు తెస్తనే ఉండాలె, నేను నింపుతనే ఉంట. గిది నా పగ అనుకో. పోయిరా బిడ్డ."

ఆటోలో పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బట్ట కింద నుంచి వేడి తొడలకు తగులుతున్నది. ఇల్లు చేరగానే రూతును అడిగాను, ఇంట్లో మినపప్పు ఎంత ఉందని.